క్రీడా శిక్షణలో మనసుకు చోటేదీ?

సంపాదకులకు,

అయ్యా,

నేను విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడిని. హైదరాబాద్ నగరంలో జరిగే జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలకు ఇప్పటికీ అంపైరుగా వెళుతుంటాను. క్రీడాకారులకు మానసిక శిక్షణ అనేది ఒలింపిక్స్‌కు వెళ్లే కొద్దిమందికి మాత్రమే దక్కే సౌకర్యంగా మిగిలిపోకూడదని, ఎల్బీ స్టేడియంలోనో సరూర్‌నగర్‌లోనో గచ్చిబౌలిలోనో తెల్లవారకముందే వచ్చి బూట్లు కట్టుకునే పన్నెండేళ్ల పిల్లలకు కూడా అది అందాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

చేతికందిన మ్యాచ్‌ను ఒక పిల్లవాడు పోగొట్టుకుంటే మనం చెప్పే కారణం సాధారణంగా ఒక్కటే: ‘వాడికి గుండె నిబ్బరం లేదు’. మోకాలు నొప్పెడితే ఫిజియో దగ్గరికి తీసుకువెళతాం, బ్యాక్‌హ్యాండ్ బలహీనంగా ఉంటే గంటల తరబడి అదే కొట్టించి సరిచేస్తాం. నిబ్బరం మాత్రం పుట్టుకతో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు వదిలేస్తాం. ఒత్తిడిలో ఆడటం కూడా నేర్పితే వచ్చే విద్యే. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు, క్రీడా మనస్తత్వశాస్త్రం చాలా కాలంగా చెబుతున్న మాట.

ఆందోళన కలిగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, ముంజేతి కండరాలు బిగుస్తాయి. రాకెట్ పిడి మీద వేళ్లు గట్టిపడి మణికట్టు స్వేచ్ఛగా ఆడదు. దాంతో నెట్‌ను ఒరుసుకుంటూ పోవలసిన షార్ట్ సర్వ్ నెట్‌కు తగులుతుంది, లేదా పైకి లేచి ఎదుటివారికి సులువుగా అందుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సాధనతో అలవాటైపోయిన పనిని, ఎక్కడ తప్పుతుందోనన్న భయంతో మనిషి ముక్కలు ముక్కలుగా గమనించుకోవడం మొదలుపెడతాడు. సియాన్ బైలాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి గోల్ఫ్ ఆటగాళ్లపై చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది: అనుభవజ్ఞులను తమ చేతి కదలికనే గమనించుకోమన్నప్పుడు వారి ఆట దెబ్బతింది, కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం ఆ గమనింపు మేలే చేసింది. అంటే బాగా సాధన చేసిన పిల్లకు మ్యాచ్ చివర్లో ‘మణికట్టు చూసుకో, మోచెయ్యి చూసుకో’ అని అరవడం మేలు కంటే కీడే చేస్తుంది. గుండె కొట్టుకునే తీరుకూ గురికీ ఎంత దగ్గరి సంబంధం ఉందో చెప్పడానికి షూటింగ్ చాలు. లండన్ 2012 ఒలింపిక్స్‌లో మన నగరానికి చెందిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఆటలో, గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడటం డోపింగ్ కిందికి వస్తుంది.

పి.వి. సింధు విషయంలో మనం ప్రవర్తించిన తీరు ఇక్కడ గుర్తుచేయక తప్పదు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో కరోలినా మారిన్‌పై తొలి గేమ్‌ను 21-19తో గెలిచి ఆమె మ్యాచ్ కోల్పోయారు. 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నొజొమి ఒకుహారాతో 110 నిమిషాలు పోరాడి 19-21, 22-20, 20-22తో ఓడారు. 2018లోనూ రజతమే. అప్పుడు ఇదే నగరంలో, మైదానాల గట్ల మీద, టీకొట్ల దగ్గర, ఆమెకు ఫైనల్ అంటే భయమని తేల్చేశారు. రెండు గంటలకు పది నిమిషాలు తక్కువగా ఆడి, మూడో గేమ్‌ను 20-20 దాకా తెచ్చిన మనిషికి ధైర్యం లేదనడం ఎంత అన్యాయం! 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను ఆమె 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించి ప్రపంచ విజేత అయ్యారు. సింధు ఆ మాటలను తట్టుకుని నిలబడ్డారు. పదమూడేళ్ల పిల్ల ఆ ముద్రను తట్టుకోగలదా?

ఆ మధ్య ఒక అండర్-13 బాలికల మ్యాచ్‌కు అంపైరుగా ఉన్నాను. మూడో గేమ్‌లో ఒకమ్మాయి స్కోరు 11కు చేరగానే విరామం ఇచ్చాను. నిబంధనల ప్రకారం ఆ విరామం 60 సెకన్లు. ఆ అరవై సెకన్లలో ఆమెకు వినిపించినవి ఇవి: లిఫ్ట్ చేయకు, సర్వ్ లేస్తోంది, కాళ్లు కదలడం లేదు, బ్యాక్‌హ్యాండ్ వైపే కొట్టు, నిన్న చెప్పింది అప్పుడే మర్చిపోయావా. ఆమె సీసా మూత తీసింది గాని నీళ్లు తాగలేదు. ఆట మొదలయ్యాక 18-14 ఆధిక్యంలోకి వెళ్లింది. అక్కడి నుంచి ప్రతి పాయింటు తర్వాతా గ్యాలరీలో నిలబడి సైగలు చేస్తున్న తండ్రి వైపు చూడటం, ‘సార్, టవల్’ అని నన్ను అడిగి, లేని చెమట తుడుచుకోవడం మొదలుపెట్టింది. వరసగా ఏడు పాయింట్లు పోయాయి. కరచాలనం చేసినప్పుడు ఆ చెయ్యి చల్లగా ఉంది. కోర్టు దాటగానే ఆమెకు వినిపించిన మొదటి మాట, ‘పద్దెనిమిది-పద్నాలుగు నుంచి ఎలా ఓడిపోతావే?’ ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఉద్యోగం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. ఆ క్షణంలో ఏం అనాలో, ఏం అనకూడదో ఆయనకు చెప్పినవారు లేరు.

నిజానికి ఆ అరవై సెకన్లలో చేయవలసింది కొంచెమే. పిల్లను ముందు ఊపిరి పీల్చుకోనివ్వాలి. నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు గాలి వదిలితే గుండె వేగం కొంత తగ్గుతుంది. నీళ్లు తాగాక ఒక్క విషయం చెప్పాలి, ఒక్కటే. సర్వ్‌కు ముందు ప్రతిసారీ ఒకేలా చేసే చిన్న క్రమం, అంటే షటిల్ ఈకలు సరిచేసుకోవడమో, ఒక మాట మనసులో అనుకోవడమో, ఏడాది పొడవునా సాధనలో భాగం కావాలి. సాధన మ్యాచ్‌లను అప్పుడప్పుడు 18-18 నుంచి మొదలుపెట్టించాలి. వీటికి యంత్రాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, నేర్చుకున్న కోచ్ కావాలి.

మెలకువలు నేర్పడం ఒక ఎత్తు, నిజంగా బాధలో ఉన్న పిల్లకు వైద్య సహాయం అందించడం మరో ఎత్తు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, గాయంతో నెలల తరబడి ఆటకు దూరమై ఎవరితోనూ మాట్లాడకపోవడం వంటి లక్షణాలను కోచ్ గుర్తించి నిపుణుల దగ్గరికి పంపగలగాలి. బీజింగ్‌లో 2008లో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, ఆ గెలుపు తర్వాత తనను ఆవరించిన శూన్యం గురించి బహిరంగంగా మాట్లాడారు. టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో తన శరీరం ఏ దిక్కున ఉందో తెలియని స్థితికి లోనైన అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ పోటీల నుంచి తప్పుకుంటే నిందించినవారు ఎందరో. ఆమె పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచారు. పెద్దవారికే ఇంత అవసరమైతే, హకీంపేటలాంటి క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతికే ఇల్లు వదిలి హాస్టల్లో చేరే పిల్లల సంగతి ఆలోచించాలి. ప్రతి క్రీడా పాఠశాలలో, పెద్ద స్టేడియంలో పూర్తికాలపు క్రీడా మనస్తత్వ నిపుణులు ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ నిపుణులు జట్టు ఎంపికతో సంబంధం లేనివారై ఉండాలి. ‘భయంగా ఉంది సార్’ అని చెబితే జాబితాలో పేరు పోతుందనుకునే పిల్ల నోరు విప్పదు. పిల్ల ప్రాణానికి, భద్రతకు ముప్పు ఉన్నప్పుడు తప్ప, చెప్పిన మాట సెలక్టర్లకూ కోచ్‌కూ చేరదన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి.

నియామకాలకు సమయం పడుతుందని అంటారు. జీహెచ్ఎంసీ ఏటా నిర్వహించే వేసవి శిక్షణ శిబిరాలతో మొదలుపెట్టడానికి మాత్రం ఆలస్యం అక్కర్లేదు. శిబిరాలు తెరవడానికి ముందు శిక్షకులకు రెండు రోజుల తరగతులు పెట్టవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగమూ ఉంది, వ్యాయామ విద్య కళాశాలా ఉంది. తల్లిదండ్రులను ఒక పూట కూర్చోబెట్టి మాట్లాడవచ్చు. ప్రతి మైదానంలో నోటీసు బోర్డు మీద మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416 రాయించవచ్చు. అండర్-13, అండర్-15 పోటీల్లో తల్లిదండ్రులు కోర్టు పక్కన కాక దూరంగా కూర్చునేలా, ఆట సాగుతుండగా సైగలు చేయకుండా నిర్వాహకులే నియమం పెట్టాలి. అంపైర్లం దాన్ని సంతోషంగా అమలు చేస్తాం.

వచ్చే వేసవి శిబిరాలకైనా ఈ ఏర్పాట్లు చేస్తారా లేదా అన్నది రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, నగరపాలక సంస్థ అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్