మా స్కీ బోటును లిఫ్ట్ ఎక్కించిన పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మా స్కీ బోటు, అంటే నీటి మీద స్కీయింగ్ చేసేవారిని లాగే పడవ, డాక్ పక్కనున్న లిఫ్ట్ (పడవను నీటిలోంచి పైకెత్తి ఉంచే యంత్రం) మీద ఎక్కడా రాసుకోకుండా, ఏ పక్కకూ ఒరగకుండా పూర్తిగా నీటి పైకి లేచింది. నడుము ఇంకా పట్టేసే ఉంది, అరచేతుల మీది బొబ్బలు మానలేదు, కళ్లు మూసుకుంటే అడ్డ దూలాలూ బోల్టులే కనబడుతున్నాయి. అయినా ఈ నాలుగు మాటలూ ఇప్పుడే రాయాలని కూర్చున్నాను. ఈ పని జరగడానికి ముఖ్య కారణమైన మనిషి మాకు బంధువు కాదు, స్నేహితుడు కాదు, అంతకుముందు ముఖపరిచయమైనా లేని ఒక పెద్దాయన. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

ఇలాంటి పడవ లేనివారికి అసలు ఇబ్బంది ఏమిటో కొంచెం చెప్పాలి. ఆ లిఫ్ట్‌ను ఇంతకుముందు వెనక గోడకు మోటారు బిగించిన మామూలు పడవ కోసం అమర్చారు. అలాంటి పడవను ఎత్తేటప్పుడు మోటారును పైకి వంచేస్తే అడుగున తగలడానికి ఇక ఏమీ మిగలదు. స్కీ బోటులో ఇంజిన్ పడవ మధ్యలో ఉంటుంది. అక్కడి నుంచి ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్ అనే కడ్డీ అడుగును చీల్చుకుని ఏటవాలుగా వెనక్కి దిగుతుంది, దాని చివర సుమారు 13 అంగుళాల వ్యాసమున్న ప్రొపెల్లర్, ఆ వెనక చుక్కాని ఉంటాయి. వీటికి ముందు, పడవ మలుపుల్లో పక్కకు జారకుండా తిన్నగా సాగడానికి అడుగు మధ్య గీత మీద బిగించిన ఫిన్లు ఉంటాయి. వీటిలో దేన్నీ పైకి మడవలేము. లిఫ్ట్ వెనక అడ్డ దూలమేమో సరిగ్గా ప్రొపెల్లర్ వచ్చి ఆగే చోటనే ఉంది. పడవ ఆనవలసిన చెక్కలు దూలం మీద 6 అంగుళాల ఎత్తునే ఉన్నాయి. లిఫ్ట్ ఎత్తితే పడవ చెక్కల మీద కాక ప్రొపెల్లర్ మీద కూర్చుంటుంది; ఒకసారి షాఫ్ట్ వంగిందంటే ఆ ఏడాదికి స్కీయింగ్ సంగతి మరిచిపోవలసిందే.

పెద్దాయన తన చిన్న పడవను పక్క డాక్‌కు కట్టుకుంటూ మమ్మల్ని చూశారు. మేము అడగలేదు. గట్టు మీద కాసేపు మౌనంగా నిలబడి, “మీ పడవ ట్రైలర్ ఎక్కడుందమ్మా?” అని మాత్రం అడిగారు. లిఫ్ట్ గురించి తల బద్దలు కొట్టుకుంటున్న సమయంలో పడవను రోడ్డు మీద మోసుకెళ్లే ఆ బండితో ఈయనకు ఏం పని అనిపించింది. పడవను మళ్లీ ట్రైలర్ ఎక్కించి గట్టు మీదికి తెప్పించారు. ఆ ట్రైలర్‌ను ఈ పడవ అడుగుకు సరిపోయేలా కొలిచి కట్టారు కాబట్టి, పడవ ఎక్కడ ఆనాలో, కింద ఎంత చోటు వదలాలో తెలిపే లెక్క అంతా దానిలోనే ఉందని ఆయన వివరించారు. నా చేత నోటు పుస్తకం పట్టించి, తాను ట్రైలర్ కింద బురదలో వెల్లకిలా పడుకుని ఒక్కొక్క కొలతా చెప్పుకుంటూ పోయారు: రెండు చెక్కల మధ్య దూరం, అవి పడవ అడుగుకు అనుగుణంగా లోపలికి వాలిన కోణం, పడవ లోపల పొడవునా సాగే దూలాలు వాటి మీదికి సరిగ్గా వస్తున్నాయా లేదా, చెక్క పైభాగం నుంచి ప్రొపెల్లర్ అంచు దాకా నిలువు దూరం. ఆ చివరి కొలత 18 అంగుళాలు వచ్చింది. అలలకు పడవ ఎగిరిపడుతుంది కనుక మరో 3 అంగుళాలు కలిపి 21 రాయమన్నారు.

ట్రైలర్ ఇరుసును కూడా ఆయన కొలిచారు. పడవతో ఉన్న ట్రైలర్‌లో బరువు కేంద్రం ఇరుసుకు కాస్త ముందు ఉండేలా కడతారట. లేకపోతే రోడ్డు మీద లాగేటప్పుడు తోక ఊగినట్టు ఊగుతుంది. ఆ చోటును పడవ పక్క మీద సుద్దముక్కతో గీసి, లిఫ్ట్ మీద ఆ గీత రెండు అడ్డ దూలాలకూ సరిగ్గా నడుమ రావాలని, పడవ ముక్కు ఆగే దిమ్మెను దానికి తగ్గట్టు జరపాలని చెప్పారు. బరువు ఒకే దూలం మీద పడితే ఆ వైపు ఉక్కు తాళ్లు ముందుగా అరిగిపోతాయి.

ఇలాంటి పడవ అడుగుకు ఈ లిఫ్ట్ ఉన్నదున్నట్టుగా సరిపోదన్న మాట లిఫ్ట్ అమ్మినవారు ఎందుకు చెప్పలేదన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. లిఫ్ట్ మీది రేకు పలకపై 2,000 కిలోలు అని ఉంది. మా పడవ 1,300 కిలోలు, నిండు ట్యాంకు పెట్రోలు మరో వంద లోపు. అలలు పెద్దవి కావాలని పడవలో నింపుకునే నీటిని ఖాళీ చేయకుండా ఎత్తితే లీటరుకు కిలో చొప్పున పెరుగుతుంది, అయినా పరిమితి దాటదు. కాబట్టి ఫోన్ చేసిన ప్రతిసారీ “బరువు సరిపోతుంది, మీకేం భయం లేదు” అన్న సమాధానమే వచ్చింది. అడుగున ఏముందో అడిగినవారు లేరు. పడవ తయారీదారును అడిగితే లిఫ్ట్ వారిని అడగమన్నారు, లిఫ్ట్ వారిని అడిగితే పడవ వారిని అడగమన్నారు, ఇద్దరినీ కలిపి అడిగితే ఏ మార్పు చేసినా హామీ రద్దవుతుందని మాత్రం ఇద్దరూ ఏకకంఠంతో చెప్పారు. అడుగున స్థిరమైన షాఫ్ట్ ఉన్న పడవలు తయారు కావడం మొదలై దశాబ్దాలు గడిచాయి. లిఫ్ట్‌తో వచ్చే పుస్తకంలో వాటికి ఒక్క పేజీ కేటాయించడం అంత కష్టమా?

ఇక పని విషయం. చెక్కలను పట్టి ఉంచే పొట్టి బ్రాకెట్లు తీసేసి, 21 అంగుళాల ఎత్తు వచ్చేలా కొత్త అల్యూమినియం నిలువు బ్రాకెట్లు వేయించాము. అంత ఎత్తు పెరిగితే అవి పక్కకు వాలే ప్రమాదం ఉంది కనుక ప్రతి జతకూ అడ్డంగా ఏటవాలు బద్దీలు బిగించాలని పెద్దాయన పట్టుబట్టారు. చెక్కలు పైకి లేచినంత మేర దూలాలూ చెక్కలూ ఉన్న లిఫ్ట్ చట్రం మరింత లోతుకు దిగితే తప్ప పడవ తేలి బయటికి రాదు. నీరు తగ్గే నెలల్లో అంత లోతు దొరుకుతుందా అని నీటిలో దిగి కర్రతో చూసింది కూడా ఆయనే. నీరు చల్లగా ఉంది. ఆయన వయసు డెబ్బై దాటి ఉంటుందని నా అంచనా.

ఆ రాత్రి చెక్కలు బిగించి ఇళ్లకు వెళ్లాము. తెల్లవారక ముందే డాక్ మీద ఎవరో నడుస్తున్న చప్పుడైతే బయటికి వచ్చి చూశాను. టార్చి పట్టుకుని ఆయన మా లిఫ్ట్ దగ్గర వంగి ఉన్నారు. “రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. కుళ్లకుండా ఆ చెక్కలకు పట్టించిన మందులో రాగి ఉంటుంది. అది అల్యూమినియానికి నేరుగా తగిలి తడుస్తూ ఉంటే బ్రాకెట్టును తినేస్తుంది. నిన్న నాకు తోచలేదు” అన్నారు. చంకలో ఒక కట్ట ఉంది. మందపాటి ప్లాస్టిక్ పలకను చెక్క వెడల్పుకు ముక్కలుగా కోసి తెచ్చారు. వాటిని చేతిలోకి తీసుకుని చూస్తే ప్రతి ముక్కకూ రంధ్రాలు వేసి ఉన్నాయి. మా బ్రాకెట్ల బోల్టుల దూరానికి సరిగ్గా సరిపోయే రంధ్రాలు. ఎప్పుడు గుర్తు పెట్టుకున్నారో, ఏ వేళకు లేచి కూర్చుని వేశారో తెలియదు. నేను అక్కడే, ఆ చెక్కల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆయన చాలా ఇబ్బంది పడి, “స్టీల్ బోల్టులకు కూడా జిడ్డు పూయాలి, లేకపోతే అల్యూమినియంలో పట్టేసి తర్వాత ఊడి రావు” అంటూ మాట మార్చారు. వెలుగు వచ్చేసరికి మళ్లీ అన్నీ విప్పి, ముక్కలు పెట్టి బిగించాము. డబ్బు మాట ఎత్తితే రెంచి తీసుకుని మరో బోల్టు వైపు వెళ్లిపోయారు.

మా వారూ పిల్లలూ కూడా కష్టపడ్డారు, వారికీ ధన్యవాదాలు.

ఇలాంటి మార్పు చేయదలచినవారికి పెద్దాయన మా చేత రాయించినవి రెండు మాటలు. మొదటిసారి ఎత్తేటప్పుడు పడవలో ఎవరూ ఉండకూడదు. అంగుళం అంగుళం చొప్పున ఎత్తుతూ, ఒకరు నీటిలో ఓ పక్కన నిలబడి షాఫ్ట్‌నూ ఫిన్లనూ గమనిస్తూ ఉండాలి, కానీ వేలాడుతున్న పడవ కిందికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. పడవ పైకి లేచాక డ్రెయిన్ ప్లగ్ (అడుగున నీరు బయటికి పోయే రంధ్రానికి ఉండే బిరడా) తీసి, వెనక భాగం ఒక వేలి మందమైనా దిగువగా ఉండేలా చూసుకోవాలి. లేకపోతే వానకు నిండిన నీరు పడవలోనే నిలిచి, మనం వేసుకున్న బరువు లెక్కలన్నీ తప్పుతాయి.

రాసి ముగించబోతుంటే గుర్తొచ్చింది, బ్రాకెట్లకు వెల్డింగ్ చేసిన అబ్బాయి ఆదివారం పూట షాపు తెరిచాడు, అతనికి ఎంతో రుణపడి ఉన్నాను. పని అయ్యేదాకా మా పడవను తమ డాక్‌కు కట్టుకోనిచ్చిన ఎదురింటి దంపతులకు కూడా. పాత ఉక్కు తాడులో పోగులు తెగి ఉన్నాయని ముందుగా గమనించి ఆపిన అమ్మాయి, చిన్నపిల్ల కదా అని ఆమెను పొగడడం మరిచాను. ఆ తాడు మార్చకుండా ఎత్తి ఉంటే ఏమై ఉండేదో తలచుకోను. రసమట్టం ఇచ్చిన తాపీమేస్త్రీ గారికి నమస్కారం. బిగింపు క్లాంపులు రెండు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, ఎరుపు పిడి ఉన్నవి. ఎవరివో చెబితే ఇంటికి తెచ్చి ఇస్తాను.