నంబరు సేవ్ చేసుకున్నోళ్ళు

భూదాన్ పోచంపల్లి
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఫోన్‌ల అయితే మనిద్దరికి మాట మాట పెరుగుతది. నిన్న అదే అయింది. అందుకే కాయితం మీద రాసి బెంగళూరు పార్శిల్‌ల చీరల నడుమ పెడుతున్న. మీ అమ్మ "వాట్సాపే పెట్టరాదు" అన్నది గని, అందుల పెడితే నువ్వు సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతవు.

నలభై వేలు పెట్టి ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ అమ్మాయితోని రీల్ చేయించుదామన్నవు. ఐదు లక్షల మంది ఫాలోవర్లున్నరు, మన చీర కట్టుకొని అర నిమిషం మాట్లాడితే మన దశ తిరుగుతదన్నవు. నేను వద్దన్నది పైసలకు కాదు. లెక్క చెప్త, విను.

మన ఇంట్ల రెండు మగ్గాలు, మీ పెద్దనాయిన ఇంట్ల రెండు. ఒక వార్పు, అంటే మగ్గానికి ఒక్కపారి ఎక్కించే పడుగు మీద ఏడు చీరలు. గ్రాఫు కాయితం మీద డిజైను గీసుడు, నూలు మేకులకు చుట్టి ఆసు పోసుడు, రంగు అంటొద్దన్న కాడ రబ్బరు పట్టీలతోని చిటికి కట్టుడు, రంగు అద్దుడు, విప్పుడు, మళ్ళ కట్టుడు, మళ్ళ అద్దుడు. ఇవన్నీ అయి మగ్గం మీదికెళ్ళి ఏడో చీర దిగేసరికి నెలన్నర దాటుతది. మొన్న శ్రావణం ముందట నువ్వు పెట్టిన నెమలికంఠం రంగు చీర వీడియో మూడు లక్షల మంది చూసిన్రు. నాకూ సంతోషమే, వాడకట్టంత చూపించుకున్న. కని ఆ చీరలు ఏడే కదా. రెండో రోజుకే అయిపోయినయి. ఆ తర్వాత నేను, మీ అమ్మ కూసొని "అయిపోయిందమ్మా, అయిపోయిందమ్మా" అని పది రోజులు అదే టైపు చేసినం. ఒకామె "లేని చీర ఎందుకు చూపెడుతరు" అని ఒక్క స్టారు ఇచ్చి పోయింది. ఆమె తప్పేమున్నది? ఊరంతటిని పెళ్ళికి పిలిచి ఏడు విస్తర్లు వేస్తే ఎవరైనా అట్లనే అంటరు. మిల్లోడికి అయితే మూడు లక్షల చూపులు పనికొస్తయి, రాత్రికి రాత్రి వెయ్యి చీరలు తీస్తడు. మనం తియ్యలేం.

నేను రోజూ చూసుకునే లెక్క వేరే ఉన్నది. వాట్సాప్‌ల బ్రాడ్‌కాస్ట్, అంటే ఒక్కపారే అందరికి పోయే మెసేజ్ పెడితే మన నంబరు సేవ్ చేసుకున్నోళ్ళకే పోతదని, ఒక్క లిస్టుల 256 మందే పడుతరని నువ్వే నేర్పినవు. మనయి రెండు లిస్టులు నిండినయి, మూడోది నడుస్తున్నది. ఆలోచించు, ఎక్కడో ఉన్న మనిషి తన ఫోన్‌ల "పోచంపల్లి చీరలాయన" అని మన పేరు రాసి పెట్టుకున్నది. ఫాలో కొట్టుడు వేరు, ఇది వేరు. కొత్త వార్పు దిగంగనే మొదలు వాళ్ళకే పంపుతున్న. ఇన్‌స్టా దాక వచ్చేసరికి ఒకటో రెండో మిగులుతయి, అవి కొత్తవాళ్ళకు.

2021 అక్టోబర్ 4 యాదికున్నదా? ఎంగిలిపూల బతుకమ్మకు ఇంక రెండు రోజులే. రాత్రి తొమ్మిది దాటంగనే ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒక్కపారే పడిపోయినయి, ఆరు గంటల సేపు లేవలే. ఆర్డర్లన్నీ అండ్లనే ఉన్నయని నువ్వు ఏడ్చినంత పని చేసినవు. నేను బల్లకింది నోటుపుస్తకం తీసి, పది గంటల లోపల హైదరాబాదోళ్ళకు ఆరు ఫోన్లు చేసి, అడ్రసులు రాసుకొని, పొద్దుగాల బస్సుకు చీరలు పంపిన. ఆ పుస్తకం ఇప్పటికీ రాస్తున్న, నవ్వకు. అంతకు ముందేడు జూన్ 29న టిక్‌టాక్ బందు పెట్టిన్రు. మన వాడకట్టు పిల్లగాడు రెండేండ్లు కష్టపడి పోగేసుకున్న జనమంత పోయిన్రు. పది రోజులు కాంగనే ఇన్‌స్టాల రీల్స్ వచ్చినయి గని వాడు మళ్ళ సున్న నుంచి మొదలువెట్టిండు.

ఆ అమ్మాయి సంగతి ఇంకోటున్నది. "పైసలు తీసుకున్నట్టు రాస్తే రీచ్ తగ్గుతది, రాయను" అన్నదని నువ్వే చెప్పినవు. పైసలు తీసుకున్నా, ఉత్తగ చీర తీసుకున్నా అది ప్రకటన అని కనపడేటట్టు చెప్పాలెనని 2023 జనవరిల కేంద్రమే రూలు పుస్తకం ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జుర్మానా పది లక్షల దాక ఉంటది. పది లక్షలంటే మన నాలుగు మగ్గాలు అమ్మినా రావు.

మొన్నటి ఏజెన్సీ దెబ్బ నువ్వు మర్చిపోయినట్టున్నవు, నేను మర్చిపోలే. నెలకు పన్నెండు వేలు తీసుకొని, మన పేజీల వాళ్ళు పెట్టిన చీర ఏంది? మన డిజైను అచ్చేసిన ప్రింటు చీర! ఎక్కడి ఫోటోనో తెచ్చి పెట్టిన్రు. కింద మన ఎనక గల్లీ మాస్టర్ వీవరే "అన్నా, ఇది ప్రింటు" అని రాసిండు. నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు ఆయన ఇంటి ముందట నుంచి పోలే, సుట్టు తిరిగి పోయిన.

అయితే ఆ సిగ్గుల నుంచే ఒక వీడియో పుట్టింది. మీ అమ్మ చీర చెంగు పట్టుకొని ముందు చూపెట్టి, ఉత్తగ తిరగేసింది. మనది ఎనక గూడ అదే డిజైను, అదే రంగు, పువ్వు అంచులు జర చెదిరినట్టు, నీళ్ళల్ల కదిలినట్టు. పక్కన ప్రింటుది తిరగేస్తే ఎలిసిపోయిన గోడ. మాట లేదు, పాట లేదు, ఇరవై సెకన్లు. చూసినోళ్ళు తొమ్మిది వేలే. కని నంబరు అడిగినోళ్ళు ఎక్కువ ఆ వీడియోకే. అసువంటివి తియ్యి. ఆసు మిషను తియ్యి. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి తిప్పి తిప్పి మీ నాయినమ్మ భుజం పోయింది. శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్ళమ్మ తిప్పలు చూసే ఆ మిషను కట్టిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. అది తిరుగుతుంటే ఆ సప్పుడు అట్లనే పెట్టు, సినిమా పాట కలపకు.

ధర రాయి. "రేటెంత" అంటే "ఇన్‌బాక్స్ చూడండి" అనుడు నాకు నచ్చదు. దుకాణానికి వచ్చినామెను పక్కకు పిలిచి చెవుల చెప్తమా? పదకొండు వేలైతే పదకొండు వేలనే రాయి. ఎక్కువన్నోళ్ళతోని కొట్లాడకు. ఆ మధ్య రేటెక్కువన్న మనిషిని పచ్చళ్ళమ్మేటోళ్ళు వాట్సాప్ ఆడియోల తిట్టిన గొడవ రాష్ట్రమంత విన్నది కదా, ఒక్క ఆడియోకు ఎంత పని అయ్యింది! ఎక్కువన్నోళ్ళకు నేను చిటికి కట్టే వీడియో పంపి ఊకుంటున్న. కొందరు ఆర్నెల్లకు మళ్ళొస్తరు.

పైసలు కట్టి వీడియో ఎక్కువ మందికి చూపెట్టే బూస్ట్ పెట్టొద్దంటలేను. పెట్టేటప్పుడు "వీడియో చూసేటోళ్ళు" అని కాకుండ "మెసేజ్ పెట్టేటోళ్ళు" అనేది ఎంచుకో. చూసేటోళ్ళను తెమ్మంటే ఇన్‌స్టా వాడు చూసేటోళ్ళనే తెస్తడు. పైన 18 శాతం జీఎస్టీ లెక్కల పెట్టుకో. అది గూడ వార్పు దిగే వారమే, మగ్గం ఖాళీగ ఉన్నప్పుడు కాదు. అమెరికా మనోళ్ళు బతుకమ్మ చీరలు ఆషాఢంలనే అడుగుతరు, వచ్చేడు వాళ్ళ కోసం మనం ఎండాకాలమే వార్పు ఎయ్యాలె.

ఆ నలభై వేలకు పట్టు నూలు తెద్దామనుకుంటున్న. మీ పెద్దనాయిన చిన్నకొడుకు మళ్ళ మగ్గం మీద కూసుంట అంటున్నడు. రంగు నువ్వు చెప్పు. మీ అమ్మ దానిమ్మ గింజ రంగు అంటున్నది, నాకేమో చింతపండు రంగు మీద మనసున్నది.

దసరాకు వచ్చేటప్పుడు ఫోన్ నిలవెట్టే స్టాండు ఒకటి పట్టుకరా. ఇక్కడిది విరిగితే చిటికి రబ్బరుతోనే కట్టి నడిపిస్తున్నం.

నాయిన