ఈఎంఐ తగ్గింది, ఫీజు పెరిగింది: రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌కు బహిరంగ లేఖ

గవర్నర్ గారికి నమస్కారాలు.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతోంది. మొన్న ఫీజు పంపడానికి బ్యాంకుకు వెళ్తే, కౌంటర్‌లో కుర్రాడు చీటీ మీద డాలర్ రేటు రాసి నా వైపు తిప్పాడు. టీవీలో చూసినదానికంటే రూపాయిన్నర ఎక్కువ. "అది మార్కెట్ రేటండీ, ఇది మా రేటు" అన్నాడు.

2025లో మీరు రెపో రేటును, అంటే బ్యాంకులకు మీరిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి తెచ్చారు. మా ఇంటి లోన్ ఈఎంఐ తగ్గింది, కాదనను. కానీ ఇక్కడికీ అమెరికాకూ వడ్డీ తేడా తగ్గేకొద్దీ విదేశీ మదుపరికి రూపాయి మీద మోజు తగ్గుతుంది. దానికితోడు ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది. ఆ సెగ భీమవరం రొయ్యల చెరువుల దాకా తగిలింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది.

2013లో రూపాయి పడిపోతూ డాలరు 68 రూపాయలు దాటిన రోజుల్లో మీ సంస్థ స్వల్పకాలిక రేట్లు పెంచింది, ప్రభుత్వం బంగారంపై దిగుమతి సుంకం 10 శాతం చేసింది. ఎన్నారైల డిపాజిట్లకు ప్రత్యేక స్వాప్, అంటే బ్యాంకులు ఆ డాలర్లను మీకిచ్చి తక్కువ ఖర్చుతో రూపాయలు తీసుకునే ఏర్పాటు, తెరిచాక రూపాయి నిలదొక్కుకుంది. అప్పటి వడ్డీలు మళ్లీ రమ్మనడం లేదు, మా ఈఎంఐ సంగతి నాకూ తెలుసు!

విదేశాలకు పంపే సొమ్ము మీద ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, మీ చేతిలో లేదు, అది ఢిల్లీ పని. మార్కెట్ రేటు మీద బ్యాంకు వేసుకునే మార్జిన్ మాత్రం మీ పరిధిలోదే. మార్కెట్ రేటు ఎంత, తమ మార్జిన్ ఎంత అన్నది రసీదు మీద విడిగా, తెలుగులో అచ్చు వేయమని బ్యాంకులకు చెప్పండి. వచ్చే సెమిస్టర్ ఫీజు జనవరిలో కట్టాలి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తండ్రి