పొట్టి అని ఇంటికి పంపకండి, ముందు టేపు పెట్టి కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కల్వకుర్తి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు వచ్చాయంటే పేపర్లో జట్ల ఫొటోలు వరుసగా వస్తాయి. సంతోషమే, కానీ ఈ ఉత్తరం ఆ ఫొటోల్లో లేని పిల్లల గురించి. అండర్-14 సెలెక్షన్ల రోజు నేను చూసిన చాలా గ్రౌండ్లలో జరిగేది ఇదే: పిల్లల్ని లైన్‌లో నిలబెట్టి కింది నుంచి పైకి ఒక చూపు చూసి, పొడుగున్న వాళ్లను వాలీబాల్‌కో హైజంప్‌కో పక్కకు పిలుస్తారు, పొట్టి వాళ్లను ఖోఖోకు పంపుతారు, అక్కడా టీం నిండితే ఇంటికే. మొన్న ఒక తండ్రి వచ్చి "సార్, మా పిలగాడు పొట్టిగున్నడు గదా, ఇగ ఆటలు బంద్ చేపిచ్చి ట్యూషన్ల ఏస్త" అన్నాడు. ఆ పిల్లవాడు ఎనిమిదో తరగతి. చేతులు రెండు పక్కలకు చాపించి కొలిస్తే ఆ కొలత వాడి ఎత్తు కంటే బాగా ఎక్కువ వచ్చింది. అదెంత మంచి విషయమో ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు, సెలెక్షన్లు చేసే మాలోనే చాలామంది దాన్ని పట్టించుకోరు మరి.

ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్ని స్టూల్ మీద కూర్చోబెట్టి చూడండి, ఒకడి తల రెండోవాడి కంటే నాలుగు వేళ్లు పైకి ఉండొచ్చు. అంటే వాడికి మొండెం పొడవు, కాళ్లు పొట్టి. ఈతలో అలాంటి శరీరానికే లాభం. మైకేల్ ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు, చేతులు చాపితే 201, పైగా పొడవైన మొండెం, ఎత్తుతో పోలిస్తే పొట్టి కాళ్లు. మారథాన్‌కు వస్తే లెక్క మారిపోతుంది. 2022లో బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పరిగెత్తిన కెన్యా రన్నర్ కిప్చోగే ఎత్తు 167 సెంటీమీటర్లే, సన్నటి మనిషి. పిక్కలు, పాదాలు తేలిగ్గా ఉంటే కాలు ఊపడానికి శక్తి తక్కువ పడుతుంది, ఎందుకంటే తుంటికి దూరంగా ఉన్న బరువును వేల అడుగుల పాటు ఊపుతూ పోవాలి. చిన్న శరీరం నుంచి వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. ఇక వెయిట్‌లిఫ్టింగ్‌లో చేతులు కాళ్లు పొట్టిగా ఉంటే బార్‌ను పైకెత్తాల్సిన దూరమే తగ్గుతుంది. మీరాబాయి చాను ఎత్తు దాదాపు 150 సెంటీమీటర్లు, టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలు ఎత్తి వెండి పతకం తెచ్చింది. అలాంటి అమ్మాయి మా మండలం సెలెక్షన్లకు వస్తే లైన్‌లోనే వెనక్కి పంపేవాళ్లం అనుకుంటే నాకు బాధేస్తుంది.

మన దగ్గర ఊరూరా ఆడే కబడ్డీనే చూడండి. రైడర్‌కు కాళ్లూ చేతులూ పొడవుంటే దూరం నుంచే టచ్ చేసి వస్తాడు. కార్నర్‌లో నిలబడి కాలు పట్టేవాడికి మాత్రం కిందికి ఉండే గట్టి శరీరం కావాలి. ఒకే టీంలో రెండు రకాల శరీరాలకూ పని ఉంది. వాలీబాల్‌లో మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, కాబట్టి అటాకర్‌కు ఎత్తు కావాలంటే ఒప్పుకుంటాను, కానీ 1998 నుంచి లిబరో అనే స్థానం కూడా ఉంది కదా, వెనక బంతులు తీసే ఆ పనికి పొట్టి పిల్లల్ని తయారుచేయొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వయసు. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు సుమారు 14 ఏళ్లప్పుడు ఒక్కసారిగా ఎదుగుతారు, కానీ అందరూ ఒకే ఏడాది ఎదగరు. ఒకడికి మీసం మొలుస్తుంటే పక్కవాడికి ఇంకా ఎదుగుదలే మొదలుకాదు. మనం అండర్-14 సెలెక్షన్లు పెట్టేది సరిగ్గా ఈ తేడా ఎక్కువగా ఉండే వయసులో! ముందు ఎదిగినవాడు అప్పటికి బలంగా కనిపిస్తాడు, జట్టులోకి వస్తాడు, కోచింగ్ వాడికే దొరుకుతుంది, రెండేళ్లకు రెండోవాడు వాడిని దాటి పెరిగినా అప్పటికి గ్రౌండ్ మానేసి ఉంటాడు. ఇంకోటి, కాళ్లు ముందు సాగుతాయి, మొండెం తర్వాత సాగుతుంది, అందుకే ఆ ఏడాది బాగా ఆడే పిల్లవాడు కూడా తడబడతాడు, జంప్ తప్పుతాడు. "వీడికి ఆట పోయింది" అని పక్కన పెట్టేస్తారు. కొన్ని నెలలు ఓపిక పడితే సర్దుకునే విషయం అది.

శరీరం అమ్మానాన్నల నుంచి మాత్రమే రాదు. మన పక్కనే నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లం, నీళ్లూ తిండీ ఎముకను ఎంత మారుస్తాయో ఎవరూ మనకు చెప్పక్కర్లేదు. సరిగా తినని పిల్లవాడి ఎత్తు చూసి వాడి భవిష్యత్తు తేల్చేయడం అన్యాయం.

అలాగని కొలతలతోనే అంతా అయిపోతుందని నేను అనడం లేదు. ఉసేన్ బోల్ట్ ఎత్తు 195 సెంటీమీటర్లు, అంత పొడుగు మనిషికి స్టార్ట్ కష్టం, 100 మీటర్లకు పనికిరాడని అనుకునేవాళ్లు, కానీ 2009లో బెర్లిన్‌లో 41 అంగల్లో 9.58 సెకన్లకు ముగించాడు. మన సింధు ఎత్తు 179 సెంటీమీటర్లు, అయినా 2017లో గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో తనకంటే 20 సెంటీమీటర్లకు పైగా పొట్టి అయిన జపాన్ అమ్మాయి ఒకుహారా చేతిలో 110 నిమిషాలు పోరాడి ఓడిపోయింది. అందుకే కొలతను పిల్లలకు కొత్త ఆట చూపించడానికి వాడుకోవాలి, ఉన్న ఆట లాక్కోవడానికి కాదు. పొట్టిదైనా వాలీబాలే ఆడతానని ఏడ్చే పిల్లను ఆడనివ్వాలి.

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల్లో ఎత్తు, బరువుతో పాటు పరుగు, జంప్, మెడిసిన్ బాల్ విసరడం కూడా చూస్తారు. మండల స్థాయిలో మేము అంత చేయలేకపోయినా బట్టలు కుట్టేవాళ్ల టేపు ఒకటి, స్టూల్ ఒకటి చాలు. ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, చేతులు చాపిన కొలత, ఈ మూడూ ఏడాదికి రెండుసార్లు ఆరో తరగతి నుంచి కార్డు మీద రాయాలి. అమ్మానాన్నలు పనుల కోసం వలస పోతే మన పాలమూరు పిల్లలు బడులు మారుతుంటారు, ఆ కార్డు టీసీతో పాటు వాళ్ల వెంట పోవాలి. జిల్లా విద్యాశాఖ, క్రీడాశాఖ అధికారులు కలిసి వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, కొలిచి రాసే పని మేము చేస్తాం.

— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా