షాపు మారుతోంది, పనిలో పనిగా సింగర్ భవనం కథ

నెలాఖరుకి షాపు ఖాళీ చేస్తున్నాం. మిషన్ రిపేరుకి ఇచ్చినవాళ్లు కంగారు పడకండి, అన్నీ వెనక వీధిలో తీసుకున్న గదికి చేరతాయి, ఫోన్ నంబరూ అదే. అక్కడ అద్దె ఎక్కువ కాబట్టి సర్వీసింగ్ చార్జీ కాస్త పెంచక తప్పదు, ముందే చెప్పేస్తున్నా.

"ఇంత గట్టి బిల్డింగు ఎందుకు పడగొడుతున్నారండీ" అని వచ్చినవాళ్లందరూ అడుగుతున్నారు. గట్టిగా ఉన్నంత మాత్రాన గిట్టుబాటు కావాలని లేదుగా! మీ ఇళ్లలో నల్ల మిషన్ల మీద బంగారు రంగు అక్షరాలతో పేరుంటుందే, ఆ సింగర్ కంపెనీ కట్టించిన భవనానికే న్యూయార్క్‌లో ఈ గతి పట్టింది.

బ్రాడ్‌వేలో వాళ్ల హెడ్డాఫీసు టవర్ 1908లో పూర్తయింది. ఎత్తు 612 అడుగులు, అప్పటికి ప్రపంచంలో అంత ఎత్తయిన భవనం లేదు. మరుసటి ఏడాదే మెట్రోపాలిటన్ లైఫ్ టవర్ దాన్ని దాటేసింది, అది వేరే సంగతి. విచిత్రం ఏంటంటే, దాన్ని డిజైన్ చేసిన ఎర్నెస్ట్ ఫ్లాగ్‌కి అసలు ఆకాశహర్మ్యాలంటేనే పడదు. ఎత్తుగా లేపే భాగం స్థలంలో నాలుగో వంతుకి మించకూడదు, లేకపోతే వీధుల్లో గాలీ వెలుతురూ ఉండవని ఆయన వాదన. అందుకే కింద వెడల్పాటి బ్లాకు కట్టి, దాని మీద నాలుగు వైపులా 65 అడుగులే ఉండే సన్నటి టవర్ నిలబెట్టాడు. లాబీలో పాలరాతి స్తంభాల మీద కంచు బిళ్లలు, కొన్నింటిపై కంపెనీ ముద్ర, కొన్నింటిపై సూది, దారం, బాబిన్. మన సామానుకి అంత మర్యాద ఇంకెక్కడా చూడలేదు నేను.

ఆ సన్నదనమే కొంప ముంచింది. లిఫ్టులూ మెట్లూ పోగా ఒక్కో అంతస్తులో మిగిలే చోటు ఎంతని? 1960ల నాటి ఆఫీసులకి పెద్ద పెద్ద హాళ్లు కావాలి. సింగర్ వాళ్లు 1961లో అమ్మేశారు, చివరికి అది ఒక ఉక్కు కంపెనీ చేతికొచ్చింది, 1967లో కూల్చడం మొదలైంది. పాత కట్టడాల్ని కాపాడే చట్టం న్యూయార్క్‌లో 1965లోనే వచ్చినా దీనికి ఆ రక్షణ దక్కలేదు. ఇప్పుడక్కడ 54 అంతస్తుల వన్ లిబర్టీ ప్లాజా ఉంది, ఒక్కో అంతస్తు దాదాపు 37 వేల చదరపు అడుగులు. లెక్క వాళ్లకి కుదిరింది, మా ఓనరుగారికీ కుదిరింది. నాకు నచ్చిందా అంటే, లేదు.

సరే, సామాను సర్దే వారం కొత్త రిపేర్లు తీసుకోను. పెళ్లి బ్లౌజుల పని మీదున్న టైలర్లు షటిల్, బాబిన్ కేసు, బెల్టు ఏది కావాలన్నా ముందే తీసుకెళ్లండి. పాత నల్ల మిషన్లని షోపీసులకి కొంటామని కొందరు షాపుకొచ్చి మీ అడ్రసులు అడుగుతున్నారు, నేనైతే ఇవ్వడం లేదు. అమ్మాలనుకుంటే మీరే నాకు ఫోన్ చేయండి.