వేకువన తోకచుక్క: బైనాక్యులర్లు ఉన్న ఇళ్ళకు

తల్లిదండ్రులకు నమస్కారం.

సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క 2024 సెప్టెంబర్ 27న సూర్యుడికి అతి దగ్గరగా వస్తోంది. 28 నుంచి అక్టోబర్ 4 వరకు మన హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున చూడవచ్చు. 28, 29 శని, ఆదివారాలు కాబట్టి పిల్లల నిద్ర గురించి అంత బెంగ అక్కర్లేదు. అక్టోబర్ 2న ఎంగిలిపూల నాటి అమావాస్య, వెన్నెల అడ్డు కూడా లేదు. మబ్బుల మాట మాత్రం ఎవరూ చెప్పలేరు.

తూర్పు తెరిపిగా ఉన్న డాబా కావాలి. ఎదుట అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఎక్కడం వృథా. 4:45కే పైకి వెళ్ళి దీపాలార్పండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్ళీ మొదటికే. 5:10 ప్రాంతంలో చెయ్యి చాచి పిడికిలి పట్టండి: తూర్పుకు కాస్త కుడిగా, దిక్చక్రం (నేల, ఆకాశం కలిసే గీత) మీద దాదాపు ఒక పిడికిలి ఎత్తున వెతకాలి. పైన ఎడమవైపు మెరిసేది మఖ నక్షత్రం. అక్కడి నుంచి రెండు పిడికిళ్ళు కిందికి, కుడికి దిగండి.

బైనాక్యులర్లు 7×50 గానీ 10×50 గానీ చాలు (మొదటి అంకె ఎన్ని రెట్లు పెంచేదీ, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). 20 రెట్లు పెంచేవి కొనకండి. చేతి వణుకూ అన్నే రెట్లు పెరుగుతుంది, కనిపించే ఆకాశం కుంచించుకుపోతుంది, వెతుకులాటే మిగులుతుంది. ముందు మఖ మీద ఫోకస్ చెయ్యండి: కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి చుక్క సూదిమొనలా కుదిరాక, ఎడమ కన్ను మూసి కుడి ఐపీస్ (కంటికి ఆనించే అద్దం) రింగు తిప్పాలి. ఈ పని వదిలేసేవాళ్ళే ఎక్కువ. మసకగా కనిపించిన ప్రతి చుక్కా వాళ్ళకు తోకచుక్కే. మోచేతులు పిట్టగోడకు ఆనించండి. అద్దాలకు చెమ్మ పడితే చీర కొంగుతో తుడవకండి, గీతలు పడతాయి, కాసేపు ఆరనివ్వండి.

ఫోన్లో తిరిగే ఫోటోల్లాంటిది ఆశించవద్దు. కనిపించేది చిన్న మసక ముద్ద, పైకి లేచిన పొట్టి తోక. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది, అందుకే ఇక్కడ పైకి నిలబడుతుంది. నేరుగా చూస్తే కనబడకపోతే చూపు కొంచెం పక్కకు జరపండి, తేలుతుంది. అరిష్టం సంగతి అమ్మమ్మలకు మీరే సర్దిచెప్పాలి.

5:45కు బైనాక్యులర్లు పెట్టెలోకి వెళ్ళిపోవాలి. సూర్యోదయం 6:05 ప్రాంతంలో. పిల్లల చేతిలోని బైనాక్యులర్ల చూపులో సూర్యుడు పడితే చూపే పోతుంది. పెద్దవాళ్ళు లేకుండా ఇవ్వకండి, పట్టీ మెడలో ఉండాలి.

వేకువన లేవలేని ఇళ్ళకు: అక్టోబర్ 12 దాటాక ఇదే తోకచుక్క సాయంత్రం పొద్దుగూకాక పడమట కనిపిస్తుంది.

ప్రధానోపాధ్యాయులు