బ్రూనో చెవి సంగతి

హనుమకొండ

శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, చిన్నోడి మార్కుల గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ కుక్క బ్రూనో చెవి. తల ఊరికే విదిలిస్తున్నాడు, చెవిని సోఫా అంచుకు రాస్తున్నాడు, దగ్గరికి తీసుకుంటే పులిసిన వాసన అని రాశావు. అది ఇన్ఫెక్షనే అయ్యుంటుంది రా. పక్కింటాయన చెప్పాడని కొబ్బరినూనె వేడి చేసి పొయ్యకు. పోయినేడు మిగిలిన చుక్కల మందు కూడా వెయ్యకు.

కుక్క చెవి గొట్టం మనకున్నట్టు ఉండదు. పైనుంచి కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి అడ్డంగా లోపలికి పోతుంది. నీళ్లయినా జిడ్డయినా ఆ మలుపులోనే నిలుస్తాయి. ల్యాబ్రడార్‌కు చెవులు వాలి ఉంటాయి, గాలి ఆడదు. పైగా మీవాడు గోదావరి కనబడితే ఆగడాయె! ఈ ముసురుకు మనకు బట్టలే ఆరట్లేదు, వాడి చెవులేం ఆరుతాయి?

పొద్దున వెలుతురులో చెవి తిరగేసి చూడు. గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే చాలావరకు ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. పచ్చటి చీము, ముక్కు మూసుకునేంత కంపు ఉంటే బ్యాక్టీరియా. కాఫీపొడిలా నల్లగా రాలితే చెవి మైట్లని, అంటే చెవిలో చేరే సన్నటి పురుగులని అనుమానించాలి. అవి మీ పిల్లికీ అంటుకుంటాయి, దాన్నీ చూపించాలి. అయితే కంటితో చూసి తేల్చేయలేం, ఒక్కోసారి ఈస్టూ బ్యాక్టీరియా రెండూ కలిసే ఉంటాయి. డాక్టర్ కాస్త జిడ్డు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఏ మందో తెలిసేది. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని చుక్కలు వినికిడినే దెబ్బతీస్తాయి. లైటు పెట్టి లోపల చూడకుండానే మందు రాసిచ్చే డాక్టరంటే నాకు నమ్మకం లేదు. మీ ఊళ్లో కుదరకపోతే ఇటు తీసుకురా. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ అడుగుదాం.

చెవి కడగడం ఇద్దరి పని. చెల్లెను తల పట్టుకోమను. డాక్టర్ ఇచ్చిన ద్రావణం చెవి నిండా పోసి, చెవి మొదట్లో అర నిమిషం పిసుకు. లోపల పచక్ పచక్‌మని చప్పుడు వస్తే సరిగ్గా చేస్తున్నట్టే. వదలగానే వాడు తల విదిలిస్తాడు, ఆ జిడ్డంతా నీ చొక్కా మీద, గోడ మీద. పాత చొక్కా వేసుకో. పైకి వచ్చింది దూదితో తుడువు. ఇయర్ బడ్ మాత్రం వద్దు, మురికిని ఇంకా లోపలికి నెడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, మంట పుడుతుంది. చెవి కాస్త ఆరాక చుక్కలు వెయ్యి. నాలుగు రోజులకు గోకడం తగ్గిందని ఆపెయ్యకు, డాక్టర్ మళ్లీ చూసి చాలన్నదాకా వెయ్యాల్సిందే.

ఏడాదేడాదీ వస్తోందంటున్నావు కాబట్టి ఇంకోటి అడుగుతా. వాడు కాళ్లు కూడా నాకుతుంటాడా? అయితే అసలు సమస్య అలర్జీ కావచ్చు. తిండి వల్లో, దుమ్ము వల్లో చర్మం చెడితే చెవి లోపలా చెడుతుంది. అది పట్టుకోకుండా ఎన్ని సీసాలు పోసినా మళ్లీ మొదటికే.

తల ఒక పక్కకు వాల్చి నడిచినా, గుండ్రంగా తిరిగినా, కళ్లు గిరగిరా కదిలినా ఆదివారం దాకా ఆగకు, ఆ రోజే పరుగెత్తు. చెవి తమ్మె ఉబ్బితే లోపల నెత్తురు చేరినట్టు, అదీ ఆలస్యం చేసేది కాదు.

అవేవీ లేకపోతే ఈ వారమే రా. బయల్దేరే ముందు శుభ్రంగా ఉండాలని చెవి కడిగెయ్యకు. జిడ్డు ఉంటేనే కదా డాక్టర్ పరీక్షకు తీసేది.

నీ
రాజు